ఏడో నంబరు ఎలుక పాదం

ఆ పరిశోధనశాలలో అందరూ ఆమెను ఎలుకలక్క అనేవారు. బోనులు కడగడం, మేత వేయడం, పొట్టు మార్చడం పంతొమ్మిదేళ్లుగా ఆమె పని. ఆరేళ్ల కిందట వేళ్ల కణుపులు వాచాయి. కీళ్లవాతమన్నారు. వారానికోసారి మాత్ర. వేసుకున్న మర్నాడు కడుపులో తిప్పేసి ముద్ద దిగేది కాదు. దువ్వితే దువ్వెన నిండా జుట్టే.

కొత్తగా వచ్చిన పరిశోధకురాలు కీళ్లవాపు తెప్పించిన పన్నెండు ఎలుకల మీద ప్రయోగం మొదలుపెట్టింది.

"ఇది నువ్వు వేసుకునే మందేనక్కా" అంది. "వెంట్రుక కన్నా వేల రెట్లు సన్నటి కార్బన్ గొట్టాల్లో ఎక్కించి పంపుతున్నాం. ఒళ్లంతా తిరక్కుండా వాచిన కీలు దగ్గరికే ఎక్కువ చేరుతుందని ఆశ. అందుకే కొంచెం మందు చాలు."

మూడో వారానికి ఏడో నంబరు ఎలుక పాదం వాపు తగ్గిపోయింది. చువ్వలు పట్టుకుని వేలాడుతూ మేత లాక్కునేది. ఆ బోను మూత తీయడానికి ఎలుకలక్కకు రెండు చేతులూ కావాలి. జబ్బు అదే, మందూ అదే. దానికి ఆకలి, తనకు వాంతులు.

"నీకేం, మహారాణివి" అని గొణిగేది. ఒళ్లు మండిపోయేది.

పాదాల మందం కొలిచి రాయడం కూడా ఆమె పనే. మాత్ర వేసుకున్న మర్నాడు ఉదయం, ఏడో నంబరుకు ఆరు మిల్లీమీటర్లు వస్తే తొమ్మిదని రాసింది. మరో రెండు రోజులు అలాగే రాసింది. పరిశోధకురాలి ముఖం వాడిపోతుంటే లోలోపల కాస్త చల్లగా అనిపించింది.

నాలుగో రోజు పరిశోధకురాలు ఏడో నంబరుకు సూది మందు రెట్టింపు నింపుతూ కనిపించింది.

"పెంచకండి మేడం. దానికి వాపు లేదు. నేనే తప్పు రాశాను."

"ఎందుకక్కా?"

"అదే మందుకు నాకు వాంతులు. దాన్ని చూసి ఓర్వలేకపోయాను."

పరిశోధకురాలు సూది పక్కన పెట్టేసింది. పన్నెండింటినీ తానే మళ్లీ కొలిచింది. మూడు రోజుల లెక్కలూ కొట్టేసి, పైఅధికారికి చెప్పింది. ఉద్యోగం పోలేదు కానీ కొలతల పని వేరొకరికి వెళ్లిపోయింది. ఆ అవమానాన్ని ఎలుకలక్క నోరెత్తకుండా దిగమింగింది.

ప్రయోగం ముగిశాక ఎలుకలను కోసి చూశారు. ఏడో నంబరు కీలు శుభ్రంగా ఉంది. కాలేయంలో మాత్రం నల్లటి మచ్చలున్నాయి.

"ఆ గొట్టాలు లోపలే ఉండిపోయాయి" అంది పరిశోధకురాలు. "చెరుపు చేస్తాయో లేదో తేలాలి. ఈ పద్ధతి మనుషుల దాకా రావడానికి ఏళ్లు పడుతుంది. రాకపోవచ్చు కూడా." ఎలుకలక్క వైపు తిరిగి అడిగింది. "వాంతుల సంగతి మీ డాక్టరుకు చెప్పావా?"

"చెప్తే మందు ఆపేస్తారేమోనని చెప్పలేదు."

మర్నాడు పరిశోధకురాలే వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరు మాత్ర మాన్పించి, అదే మందును ఇంజెక్షన్‌గా ఇచ్చాడు. వాంతులు తగ్గాయి. వేళ్లు మాత్రం వంకరగానే ఉన్నాయి. ఆ నున్నటి పాదం గుర్తొస్తే ఎలుకలక్కకు ఇప్పటికీ కడుపుమంటే.