అమ్మవారి చేతికి చేపల పులుసు

మా ఆయన పోయిన ఏడాదే మా తోటికోడలికి అమ్మవారు పూనడం మొదలైంది. అప్పుడు మేం ఒకే క్వార్టర్లో ఉండేవాళ్ళం. పండగలో డప్పు మోగగానే జుట్టు విరబోసుకుని, "ఈ గుమ్మంలో నీసు వండితే నేనుండను" అని ఊగిపోయింది. మొగుడు పోయినదానికి చేపలేటని దాని కడుపుమంట. నా ఒక్కదానికే వద్దంటే సరిపోయేది. ఊపులో తన నోరు కూడా కట్టేసుకుంది.

నేను ఆ ఖుర్సీపార్ బస్తీలోనే పక్క సందులో గది తీసుకుని హాయిగా వండుకు తింటున్నాను. దానికేమో మంగళవారం వస్తే జనాల నిమ్మకాయలూ దణ్ణాలూ.

మొన్న మజ్జాన్నం చేపల పులుసు దించుతుంటే వచ్చింది. "ఒక్క ముక్క పెట్టక్కా, నోరు చచ్చిపోయింది" అంది.

"అమ్మవారికి కోపం రాదేటి?"

తల దించుకుంది. "అప్పుడు ఊగింది నేనే కదక్కా, నీకు తెలీదేటి."

"అయితే వాకిట్లో కూకుని తిను, అందరూ చూస్తారు."

ఆశ ఆపుకోలేక పళ్ళెం పట్టుకుని గుమ్మంలో కూకుంది. ముక్క తుంచిందో లేదో, వీధిలో పోతున్న ముసలమ్మ "తల్లీ" అంటూ వంగి కాళ్ళు పట్టుకుంది. మా తోటికోడలు పళ్ళెం తలుపు చాటుకి తోసేసి, పులుసంటిన చేత్తోనే దీవించి, అటే ఇంటికి పోయింది.

ఆ ముక్క నేనే తిన్నాను.