బతికున్న బాబాయికి దినం భోజనాలు

మా చిన్నప్పుడు... ఒకసారి మా ఇంట్లో దినం భోజనాలు పెట్టారు. వాకిట్లో పందిరి, గాడిపొయ్యి మీద పెద్ద గుండిగలో పప్పు, పక్కన మూకుట్లో గారెలు... పోయింది మా బాబాయి. కానీ బాబాయి పోలేదు!

ఇదేంటని అడగబోతున్నారు కదా... నేనూ అడిగాను. అమ్మ నా నోట్లో గారె కుక్కింది.

అంతకు ముందు ఏడాది గోదావరి లంక భూములు పేదలవేనంటూ ఊరంతా వెళ్ళి ఎర్రజెండాలు పాతింది. ముందు నడిచింది మా బాబాయే. ఇక రాజ్యమే మారిపోతుందన్నారు. ఏమీ మారలేదు... పోలీసులొచ్చి జెండాలు పీకేశారు. కొందరిని కొట్టి తీసుకెళ్ళారు. బాబాయి ఎటో తప్పించుకుపోయాడు. ఆ తర్వాత నలుగురు ఒక అరుగు మీద చేరితే చాలు, జీపు వచ్చేది.

సరిగ్గా అప్పుడే మా శివారు చేలకు కాలవ నీళ్ళు ఆగిపోయాయి. నారుమళ్ళు ఎండుతున్నాయి. ఇరిగేషన్ ఆఫీసుకు వెళ్ళి అడగాలంటే ముందు అందరూ ఒక మాట అనుకోవాలి. అనుకోడానికి కూర్చోనిస్తేగా! చావింటికి వచ్చేవాళ్ళను మాత్రం ఎవరూ ఆపరు. అందుకని ఊరి పెద్దలు మా నాయనమ్మను బతిమాలారు.

"మీ చిన్నబ్బాయి పోయాడని కబురొచ్చిందని చెప్తామండి. ఒక్క పూటేనండి..."

నాయనమ్మ "ఊరి పనంటున్నారు... కానివ్వండి" అని, గదిలోకి వెళ్ళి ఏడ్చింది. అబద్ధానికి ఏడుపెందుకో నాకు అర్థం కాలేదు.

భోజనాల రోజు ఒక కానిస్టేబుల్ గారు వచ్చి పందిట్లో కూర్చున్నారు. అంతా కలయజూసి, "కాకికి పెట్టలేదేంటండీ?" అన్నారు.

బతికున్నవాడి పేరున కాకికి ముద్ద పెట్టడమా అని అందరి మొహాలూ పాలిపోయాయి. చివరికి నాన్న విస్తట్లో ముద్ద పెట్టి ఇంటి ఎదుటి కాలవ గట్టున ఉంచాడు. కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిపోయిందంటారు కదా... ఎక్కడైనా జనం కాకి రావాలని దండాలు పెడతారు. మా గట్టు మీదకు మాత్రం పిలవకుండానే వచ్చి వాలింది. నాయనమ్మ ఒక్క ఉదుటున లేచి, "హుష్! పో! నా కొడుకు బతికే ఉన్నాడు!" అంటూ కొంగు విసురుతూ పరుగెత్తింది. కాకి ముద్ద కరుచుకుని ఎగిరిపోయింది.

పందిరంతా బిగుసుకుపోయింది. కానిస్టేబుల్ గారు నెమ్మదిగా చెయ్యి కడుక్కుని, "కొడుకు పోయాడంటే ఏ తల్లి నమ్ముతుందండీ... మీరు కూర్చుని మాట్లాడుకోండి" అని సైకిలెక్కి వెళ్ళిపోయారు. ఆయనకు తెలిసిపోయిందో, నిజంగానే నమ్మారో... ఇప్పటికీ నాకు తేలలేదు.

ఆ సాయంత్రం దాకా అందరూ మాట్లాడుకున్నారు. మర్నాడు కలిసి ఆఫీసుకు వెళ్ళారు. సగం చేలకు నీళ్ళొచ్చాయి. సగమే... అది గెలుపో ఓటమో పెద్దవాళ్ళు కూడా చెప్పలేకపోయారు.

కొన్నాళ్ళకు గొడవలు సద్దుమణిగాక బాబాయి తిరిగొచ్చాడు. నాయనమ్మ అతని భుజాలు తడిమి, మొహం తడిమి, మళ్ళీ భుజాలు తడిమింది. నిజంగా వాడేనా అన్నట్టు చూసింది.

ఇప్పుడు మా ఊరికి వాట్సాప్ గ్రూపు ఉంది. మాట్లాడ్డానికి ఎవరూ చావనక్కర్లేదు. కాలవలో నీళ్ళు లేవని ఒకరు పెడితే, కింద వరసగా దండం బొమ్మలు, గుడ్ మార్నింగులు... బాబాయీ అందులో ఉన్నాడు. అన్నీ చదువుతాడు, ఒక్క ముక్క రాయడు. ఏంటి బాబాయ్ అంటే, "నేను పోయిన రోజే అందరూ బాగా మాట్లాడుకున్నారటమ్మా..." అంటాడు.

నవ్వాలో ఏడవాలో తెలియక ఫోన్ పక్కన పెట్టేస్తాను. మీ ఊళ్ళో నలుగురు చేరి నోరు విప్పడానికి ఏ వంక వెతుక్కునేవారు? గుర్తుంటే కాస్త చెప్పండి...