పాడతారా, వింటారా?

నా అభిరుచులేమిటో ఈ గోదావరి జిల్లాల్లో ఇప్పటిదాకా ఎవరూ పట్టించుకోలేదు. అడిగినవారు ఒక్కరే. ఆయన కూడా తర్వాత పలకలేదు.

తొంభైల్లో నేను మండపేటలో ఒక రైసు మిల్లు గుమాస్తాని. అప్పట్లో వారపత్రికల్లో కలం స్నేహం శీర్షిక ఉండేది. పేరు, ఊరు, అభిరుచులు పంపితే అచ్చు వేసేవారు. నచ్చినవాళ్లు ఉత్తరం రాసేవారు. నేను నాలుగు పేజీలు పంపాను. నాటకంలో పద్యం కన్నా, దానికి ముందు హార్మోనియం ఊపిరి తీసుకునే చప్పుడు నాకెందుకు ఇష్టమో రాశాను. క్యాలెండరు బొమ్మల్లో దేవతలందరికీ ఒకటే ముక్కు ఎందుకుంటుందని ఒక పేజీ నిండా నిలదీశాను. ప్రతి పేజీ కిందా కార్బన్ పెట్టాను. రేపెవరైనా కాదంటే చూపించడానికి ఆధారం ఉండాలి కదా.

ఎనిమిది నెలలకు అచ్చయింది: "అభిరుచులు: సంగీతం, నాటకాలు, చిత్రలేఖనం." నా పైనున్నాయనకీ అవే, కిందున్నావిడకీ అవే. ఎడిటరుకి మూడు కార్డులు రాశాను. ఉలుకూ పలుకూ లేదు.

అప్పుడు కొవ్వూరు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినాయన బడి మాస్టారు. ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయిస్తారట. "సంగీతం అన్నారు కదండీ, పాడతారా, వింటారా? వినేవారైతే ఒక ఆదివారం రండి. మా దగ్గర పాడేవాళ్లు ఎక్కువ, వినేవాళ్లు తక్కువ."

ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని వారం రోజులు తిరిగాను. తర్వాత పన్నెండు పేజీల జవాబు రాశాను. మళ్లీ జవాబు రాలేదు. రోజూ అడుగుతుంటే పోస్ట్‌మన్‌కి విసుగొచ్చింది. "రాకపోతే నేనేం చేస్తానండీ, నేనే రాసిచ్చేయనా?" అన్నాడు.

రెండేళ్ల తర్వాత, నాకు జరిగిన అన్యాయానికి రుజువుగా, మిల్లులో పెద్ద గుమాస్తాగారికి ఆ రెండు ఉత్తరాలూ చూపించాను. మాస్టారిదీ, నా జవాబు కార్బన్ కాపీనీ. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఓపిగ్గా చదివారు.

"బాగుందండి. కానీ పాడతారా, వింటారా అని అడిగారు కదండీ ఆయన. ఇందులో దానికి జవాబేదండీ?"

"ఉంటుందండీ, సరిగ్గా చూడండి."

"చూశానండీ, ఆయ్. ఎడిటరు మీద మూడు పేజీలున్నాయి. బళ్లో మిమ్మల్ని ప్రార్థన పాడనివ్వని డ్రిల్లు మాస్టారున్నారు. సామర్లకోట నాటకాల్లో ఏమీ కనపడకుండా మిమ్మల్ని వెనకాల కూర్చోబెట్టిన స్తంభం కూడా ఉంది. జవాబే లేదండీ."

ఒక పేజీ మీద కార్బన్ సరిగ్గా పడలేదని వాదించాను. ఇంటికెళ్లి పన్నెండు పేజీలూ చదువుకున్నాను. అన్నీ శుభ్రంగా పడ్డాయి. జవాబు లేదు.

అప్పుడే ఒక కార్డు రాసి ఉండాల్సింది. ఆయన మళ్లీ అడగొచ్చు కదా అని భీష్మించుకు కూర్చున్నాను. ఒక ఆదివారం మాత్రం కొవ్వూరులో బస్సు దిగి, చర్చి గోడ బయట ఎండలో నిలబడి మొత్తం విన్నాను. ఉత్తరానికి జవాబివ్వని మనిషి దగ్గరికి లోపలికెలా వెళ్తానని తిరిగొచ్చేశాను. జవాబివ్వనిది ఎవరో బస్సు మండపేట చేరేదాకా తట్టలేదు.

మాస్టారూ, ఇదిగో జవాబు. వింటాను. పాడను. ఆ రోజు మూడో పాట మధ్యలో మీ హార్మోనియం ఒక్క క్షణం ఆగింది. పాడేవాళ్లెవరూ గమనించలేదు, గోడవతల నేను గమనించాను. ఎందుకు ఆపారు? అడిగింది నేను, చెప్పాల్సింది మీరు. కార్డు ముక్క చాలు. కానీ రాయండి.