అత్త జేబులో పట్టే పెన్ను

మా మావయ్య చేతికి ఏ వస్తువిచ్చినా ముందు అరచేతిలో వేసుకుని రెండుసార్లు ఎగరేస్తాడు. చెంచా అయినా అంతే, తాళంచెవి అయినా అంతే. పెళ్లిరోజున అత్త వేలికి తొడగమని ఉంగరం ఇస్తే దాన్ని కూడా ఎగరేశాడట. అది దొర్లుకుంటూ పోయి బల్ల కింద దూరితే పెళ్లికొడుకే మోకాళ్ల మీద పాకి వెతుక్కున్నాడని మా అమ్మ ఇప్పటికీ పొట్ట పట్టుకుని నవ్వుతుంది. లోహాన్ని తిప్పి చెక్కే లేతు మిషను పనివాళ్ల బుద్ధే అంత. బరువు తెలియని వస్తువుని వాళ్లు నమ్మరు.

పగలంతా ఆయన నీటి పంపుల ఇరుసుకి తొడిగే బుష్‌లు చేస్తాడు. సాయంత్రం మిగిలిన ముక్కలతో జేబు పెన్నులు చేస్తాడు. మూత పెట్టి ఉంటే ఆ పెన్ను నా చూపుడు వేలికన్నా కాస్త పొడుగు. రాసేటప్పుడు మూత తీసి వెనక తగిలిస్తే మామూలు పెన్నంత అవుతుంది. పాళీ, సిరా గొట్టం బజార్లో దొరికేవే. పెన్ను ఒళ్లు మాత్రం మావయ్య చేసిందే. వీధి చివర స్టేషనరీ కొట్టతను వాటిని బడిపంతుళ్లకీ గుమాస్తాలకీ అందుబాటు ధరలో అమ్ముతాడు.

ఒకే కొలతతో నాలుగు రకాలు చేసేవాడు. అల్యూమినియంది పదహారు గ్రాములు, స్టీలుది నలభై రెండు, ఇత్తడిది నలభై అయిదు, రాగిది నలభై ఏడు. కళ్లు మూసుకుని చెప్పగలనని కనిపించినవాళ్లందరి దగ్గరా గొప్పలు పోయేవాడు. నేను అదే ఇంట్లో పై గదిలో బట్టలు కుడతాను. నాకు నోరూ ఎక్కువే, ఓపికా తక్కువే. ఒకనాడు విసుగొచ్చి ఆయన్ని కూర్చోబెట్టి, కోటు లోపలేసే నల్లగుడ్డతో కళ్లకు గంతలు కట్టి, చేతులకి దూది కుట్టిన తొడుగులు వేశాను. ఇక చలువా తెలియదు, నునుపూ తెలియదు. నాలుగూ సరిగ్గా చెప్పాడు. రెండు గ్రాముల తేడా ఉన్న రాగినీ ఇత్తడినీ కూడా పట్టేశాడు. నేను ఊరుకుంటానా? ఇత్తడి పెన్ను విప్పి, లోపల చొక్కా గుండీ ఒకటి పడేసి, మూత బిగించి మళ్లీ చేతిలో పెట్టాను.

ఆయన రెండుసార్లు ఎగరేసి, మూడోసారి కూడా ఎగరేశాడు. “ఇత్తడే కోడలా. కానీ దీనికి కడుపు నిండింది. ఏం తినిపించావు?” అన్నాడు.

గంతలు విప్పి, గుండీ బయటికి తీసి నా డబ్బాలో వేసుకున్నాను. ముప్పై ఏళ్లు ఇనప రజనులో నిలబడితే మనిషి చేతికి ఇలాంటిది అబ్బుతుందా అని ఆ రోజంతా మిషను తొక్కుతూ అదే ఆలోచించాను. ఆయన ముందు మాత్రం బయటపడలేదు. పడితే ఆయన గొప్పలతో ఇంక ఆ ఇంట్లో నిలవలేం.

ఇక అత్త సంగతి. అత్త పిల్లల వార్డులో నర్సు. ఇరవై ఆరేళ్ల నుంచీ అక్కడే. పుట్టీ పుట్టగానే జబ్బు చేసిన పసికందులు, గుప్పెడంత ఒళ్లు, దారమంత ఊపిరి. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ మారుతుంది. అప్పటికి ఏ పిల్లకి ఎంత పాలు పట్టారు, ఏ మందు ఎన్ని చుక్కలు వేశారు, మళ్లీ ఎప్పుడు వెయ్యాలి అన్నీ పుస్తకంలో రాసి ఉండాలి. కొత్తగా డ్యూటీకి వచ్చిన నర్సు దాన్ని నిలబడి పైకి చదువుతుంది. చదివినంతసేపూ రాసిన నర్సు పెదవి కదపకూడదు. ఆ వార్డు పద్ధతి అది. నోరు తెరిచి చెప్పాల్సి వచ్చిందంటే రాసింది రాత కాదని లెక్క. మనిషి ఇంటికెళ్లిపోయాక అక్కడ ఉండేది కాగితమే కదా.

ఆ అత్తకి చేతి వణుకు వచ్చింది. పిల్లని ఎత్తుకుంటే వణకదు, సూది పట్టుకుంటే వణకదు. రాయబోతే చాలు, మణికట్టు నుంచి మొదలవుతుంది. ఇది కొందరికి వయసుతో వచ్చేదే, ప్రాణానికేం ఢోకా లేదు, పోయేదీ కాదు అన్నాడు డాక్టరు. ఒకరోజు వచ్చిన నర్సు అత్త రాసింది చదవలేక మూడుచోట్ల ఆగింది. మూడుసార్లూ అత్త నోరు విప్పాల్సి వచ్చింది. పెద్ద నర్సు లోపలికి పిలిచి, ఒక నెల చూస్తాననీ, ఆపైన దుప్పట్లు సర్దే గదికి మార్చక తప్పదనీ చెప్పింది. ఆవిడ మంచిదే. ఆవిడ చోట ఉంటే నేనైనా అదే చేసేదాన్ని. అయినా ఆవిడని మూడురోజులు తిట్టుకున్నాను.

అత్త ఇంటికొచ్చి, ఎండ ఎక్కువగా ఉందని చెప్పినంత తేలిగ్గా ఈ సంగతి చెప్పింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, కుర్చీలో కూర్చుంది. కాసేపటికి నాతో అంది: “దుప్పట్లు ఏడవవు కదే. నేనక్కడ ఏం చెయ్యను?”

మావయ్య ఆ మాట వింటూనే లేచి లేతు దగ్గరికి పోయాడు. అత్త వాడే బాల్ పెన్నుని నొక్కి రాయాలి, నొక్కితే వణుకు ఎక్కువవుతుంది. పాళీ పెన్నుకి నొక్కే పని లేదు, ఆనిస్తే చాలు. అత్త కోటు జేబు కుట్టింది నేనే. అది నాలుగు వేళ్ల లోతు. పిల్లల మీదికి వంగినప్పుడు పొడుచుకోకుండా కావాలనే అంత చిన్నగా కుట్టాను. కాబట్టి జేబు పెన్నే కావాలి. ఏ లోహమన్నదే ప్రశ్న.

ముందు అల్యూమినియం ఇచ్చాడు. అది మరీ తేలిక. వణుకంతా అడ్డూ ఆపూ లేకుండా పాళీలోకి దిగిపోయింది. రాగి పెన్నుతో కాస్త నయం. కానీ గంటకి పదిసార్లు సబ్బుతో చేతులు కడుక్కునే మనిషి ఆవిడ. నాలుగోరోజుకి పెన్ను మచ్చలు తేలింది, వేళ్లు రాగి వాసన కొట్టాయి. ఈ వాసనతో పసిపిల్లల మూతి తుడవనంటే తుడవనంది. స్టీలుకి వాసన లేదు, మచ్చ లేదు. తడి చేతిలో మాత్రం సబ్బుముక్కలా జారింది. ఇత్తడితో మొదటి నాలుగు లైన్లు బ్రహ్మాండంగా వచ్చాయి. అయిదో లైను నుంచి మళ్లీ మామూలే.

ఆ నాలుగు లైన్లు చూసి మావయ్య పట్టపగ్గాలు లేకుండా పోయాడు. బరువే మందు అని తేల్చేశాడు. గొట్టం మందం పెంచి అరవై గ్రాముల ఇత్తడి పెన్ను చేశాడు. దాంతో అత్త సగం పేజీ కూడా రాయలేకపోయింది. అక్షరాలు ముందుకన్నా అధ్వాన్నమయ్యాయి. అప్పటికి గడువు ఇంకా ఏడు రోజులుంది. ఇంకొంచెం బరువు పెంచనా అని ఆయన అడిగితే నాకు ఒళ్లు మండి, పెన్నెందుకు, సుత్తి ఇచ్చెయ్యి మావయ్యా, దాంతోనే రాస్తుందన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. అనేశాక నాలుక కరుచుకున్నాను.

అత్త మా ఇద్దరినీ పట్టించుకోలేదు. మూత వెనక తగిలించిన ఆ పెన్నుని వేలి మీద అడ్డంగా పెట్టింది. అది వెనక్కి దభాలున పడింది. మళ్లీ పెట్టింది. మళ్లీ వెనక్కే పడింది.

“ఏవండీ, పసిపిల్లని ఎత్తుకునేటప్పుడు ముందు చెయ్యి ఎక్కడ పెడతాం?” అని అడిగింది.

“తల కింద.”

“ఎందుకు?”

“బరువంతా అక్కడే ఉంటుంది కాబట్టి.”

“మీ పెన్నుకి తల వెనకుంది. అది అక్కడ వేలాడుతుంటే దాన్ని మొయ్యలేక నా వేళ్లు ఇక్కడ గింజుకుంటున్నాయి.”

మావయ్య ఆ పెన్నుని తన వేలి మీద పెట్టి చూశాడు. ముప్పై ఏళ్లుగా ఆయన పెన్ను పూర్తయ్యాక మూత బిగించి, తుడిచి, త్రాసులో పెట్టి, డబ్బాలో సర్దుతున్నాడు. నేను పెట్టిన పరీక్షలో కూడా పెన్నులకి మూతలు బిగించే ఉన్నాయి. మూత బిగించిన పెన్నుతో ఎవరైనా రాస్తారా? అసలు ఆయన పెన్నుతో రాసిందెప్పుడు గనక? బుష్‌ల మీద కొలతలు వేసుకునేది సుద్దముక్కతో. గుండీ బరువుని పట్టేసిన చేతికి, తను చేసిన వస్తువు పనిలో ఎలా ఉంటుందో ఇన్నేళ్లూ తెలియలేదు. అత్తకి తెలిసింది. వేలమంది పిల్లల తలలు మోసిన చేతికి తెలిసింది. వంటగదిలో చెక్కకుర్చీ మీద కూర్చున్న ఆ మనిషిని చూస్తూ, ఈవిడని దుప్పట్లు మడతపెట్టడానికి పంపుతారా అని నాకు దుఃఖం ముంచుకొచ్చింది.

ముందుభాగం బరువుగా, వెనకభాగం తేలిగ్గా ఉండాలి. అంటే రెండు లోహాలు కలపాలి. అక్కడే మావయ్యకి చిక్కొచ్చిపడింది. ఒక పెన్నులో రెండు లోహాలు పెట్టడం ఆయన దృష్టిలో తప్పుడు పని. బిగించే మరలు ఒకదాన్నొకటి తినేస్తాయనేవాడు. అడిగిన గిరాకీలని కసిరి పంపేసిన రోజులున్నాయి. ఆ సాయంత్రం మాత్రం స్టీలు కడ్డీ ఒకటి, అల్యూమినియం కడ్డీ ఒకటి పక్కపక్కన పెట్టుకుని సుద్దతో కొలతలు వేసుకున్నాడు.

వేళ్లు పట్టుకునే మెడభాగం స్టీలుతో చేశాడు. తడి చేతికి జారకుండా దాని చుట్టూ వెంట్రుకలంత సన్నని గాట్లు తీశాడు. వెనక గొట్టం, మూత అల్యూమినియం. మొదటిదానికి స్టీలు మర అల్యూమినియం మరని కొరికేసింది. రెండోది బిగుసుకుపోయి ముందుకీ రాదు, వెనక్కీ పోదు. అదే నేను చెప్పలేదా అని ఆయన తనమీద తనే ఎగిరాడు. మూడోసారి మరని పిసరంత వదులు చేసి, కొవ్వొత్తి మైనం రాశాడు. మెత్తగా తిరిగింది. మూత వెనక తగిలించి వేలి మీద పెట్టాడు. పెన్ను కాసేపు ఊగి, నెమ్మదిగా పాళీ వైపు తల వంచింది. దాన్ని మాత్రం ఆయన త్రాసులో పెట్టలేదు.

గడువు చివరిరోజు రెండింటికి మేమిద్దరం వార్డు బయట కిటికీ అద్దం దగ్గర నిలబడ్డాం. రావద్దని అత్త చెప్పింది. వచ్చాం. కిటికీ రెక్క ఓరగా తీసి ఉంది, లోపలి మాటలు వినిపిస్తున్నాయి. అత్త ఆ పెన్నుతో రాసిన పుస్తకాన్ని కొత్తగా చేరిన నర్సు చేతిలోకి తీసుకుంది. పెద్ద నర్సు ఆమె పక్కన నిలబడింది. అత్త గోడకి ఆనుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, పెదవులు బిగించింది.

కొత్త నర్సు మొదటి మంచం నుంచి చదవడం మొదలుపెట్టింది. గొంతు పరవాలేదు గానీ మరీ నిదానం. రెండో మంచం, మూడో మంచం. అయిదో మంచం దగ్గర ఆగింది. మావయ్య నా భుజం పట్టుకున్నాడు, ఇనప పట్టు. కొత్త నర్సు దగ్గి, పేజీ తిప్పి మళ్లీ అందుకుంది. తర్వాత ఎక్కడా ఆగలేదు. పదకొండో మంచం పిల్లకి ఆరు చుక్కల మందు, రెండు చెంచాల పాలు, పట్టేటప్పుడు కుడిపక్కకి తిప్పాలి. చదవడం అయిపోయింది. అత్త ఒక్క మాట మాట్లాడలేదు. పెద్ద నర్సు పుస్తకం అందుకుని పేజీని తనూ చూసింది. సంతకం పెట్టి ఇచ్చేసి, వచ్చేనెల డ్యూటీ చీటీలో అత్తని అక్కడే ఉంచుతున్నానంది. అక్షరాలు వణకలేదని నేననను. వణికాయి. అయినా ప్రతి అక్షరం తన చోట తను నిలబడింది.

కొత్త నర్సు పుస్తకం బల్ల మీద పెట్టి పదకొండో మంచం దగ్గరికి వెళ్లింది. ఆరు చుక్కలు లెక్కపెట్టుకుని వేసింది. తల కింద చెయ్యి పెట్టి ఎత్తి, కుడిపక్కకి తిప్పి పాలు పట్టింది. ఆ పిల్ల గుటక వేసింది. ఇక్కడ ఒక చెయ్యి రాసింది, అక్కడ ఇంకో చెయ్యి చేసింది, మధ్యలో ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇదంతా రోజూ జరిగేదే అని నాకు తెలుసు. అయినా ఆ అద్దం ముందు నుంచి నాకు కదలబుద్ధి కాలేదు.

అత్త బయటికొచ్చింది. మమ్మల్ని చూసి కోప్పడబోయి మానేసింది. మావయ్య ఆగలేక, మెడ జారిందా, మూత ఊగిందా, మరలు పట్టేశాయా, బరువు ఎలా ఉందని గుక్కతిప్పుకోకుండా అడిగాడు.

అత్త జేబులోని పెన్నుని తడుముకుంది. “ఏమోనండీ. రాస్తున్నంతసేపూ పెన్ను గుర్తే రాలేదు. పదకొండో మంచం పిల్ల కుడిపక్కకి తిప్పితేనే మింగుతోంది, అది రాయడం మర్చిపోకూడదని అదే ధ్యాస.”

తను చేసిన వస్తువుని గురించి అంతకన్నా గొప్ప మాట మావయ్య ఇన్నేళ్లలో వినలేదు. ఆ వరండాలో బల్ల మీద కూలబడి, అందరూ చూస్తుండగానే కళ్లు తుడుచుకున్నాడు.