నానమ్మ ఎక్కిన వ్యాన్

బడిపిల్లల వ్యాన్ నడిపే ఆమెను అందరూ వ్యానక్క అనేవారు. ఆ గొంతు ఉండగా బండికి హారన్ దండగ అని పిల్లల తల్లులు వేళాకోళమాడేవారు. ఒక పొద్దున వెనక సీట్లో పదేళ్ల పిల్ల పక్కనున్నవాడి చెవి కొరికి నెత్తురు కళ్లజూసింది.

వ్యానక్క బండి ఆపి, వాడి చెవికి తన చున్నీ అదిమిపెట్టి, పిల్లను కిందకు దింపింది.

"ఎందుకు కొరికావు?"

"మా అమ్మని హంతకురాలన్నాడు."

"కాదా మరి?"

పిల్ల మూతి తుడుచుకుంది. "అవును. నేను చూశాను. కానీ వాడెవడు అనడానికి?"

వీధంతా ఎరిగిన సంగతే. పిల్ల తండ్రి తాపీమేస్త్రీ. తాగొస్తే చేతికేది దొరికితే దానితో భార్యను గొడ్డును బాదినట్టు బాదేవాడు. ఆ రోజు ఆమెను గోడకు అదిమి గొంతు పిసుకుతుంటే పిల్ల అడ్డం వెళ్లింది. దాన్ని జుట్టు పట్టి తలుపుకేసి కొట్టాడు. తల్లి చేతికి అతని సుత్తే అందింది. ఒక్క దెబ్బతో ఆగలేదు. పోలీసులు వచ్చేసరికి అతని ముఖం ఆనవాలు పట్టేలా లేదు. ఆమెకు శిక్షపడింది. పిల్ల నానమ్మ దగ్గర, బాబాయి పంచన పడింది. తల్లి మాట ఎత్తితే బాబాయి బెల్టు తీసేవాడు.

"మీ అమ్మని చూడాలనుందా?" అంది వ్యానక్క.

"తిట్టాలనుంది."

"తిట్టడానికైనా మనిషి ఎదురుగా ఉండాలి కదా."

సాయంత్రం గుమ్మంలోనే నానమ్మ దగ్గర మాట కదిపింది. కొడుకును పోగొట్టుకున్న మనిషి, చీపురు తిరగేస్తుందనే అనుకుంది. ముసలామె బట్టలు మడతపెడుతూ తలెత్తకుండానే, "ఆదివారం మా చిన్నాడు ఇంట్లో ఉండడు. రా," అంది.

ఉన్నాడు. ఎవరు ఉప్పందించారో, పిల్ల వ్యాన్ ఎక్కుతుండగా ఇనప కడ్డీతో వచ్చాడు. ముందద్దం బద్దలై గాజుపెంకులు వ్యానక్క ఒడి నిండా పడ్డాయి. రెండో దెబ్బ స్టీరింగ్ మీదున్న ఆమె చేతిమీద పడింది. ఎముక విరిగిన చప్పుడు లోపల్నుంచి వినిపించింది. ఆమె కాలితో తలుపును ఒక్క తన్ను తన్నింది. అంచు మోకాలికి తగిలి వాడు కూలబడ్డాడు. రెండో చేత్తో జాకీ రాడ్ లాగి, కిందకు దూకి వాడి పీకమీద ఆనించింది.

నానమ్మ చెప్పులేసుకుని బయటికొచ్చింది.

"అమ్మా, అన్నయ్యని చంపినదాని దగ్గరికా?" అన్నాడు వాడు కింద నుంచే.

"వాణ్ణి కన్నది నేను. వాడు దాని పక్కటెముకలు విరగ్గొడితే కట్టు కట్టి, నోరు మూసుకున్నదీ నేనే. ఇప్పుడు నువ్వు వాడి దారి పట్టావు. ఈ పిల్ల తలకాయ పగిలేదాకా మళ్లీ చూస్తూ కూర్చోలేను."

అని వెళ్లి వ్యాన్ ఎక్కింది.

పక్కింటి ఎలక్ట్రీషియన్ స్టీరింగ్ అందుకుని, ఆసుపత్రికి పోదామన్నాడు. వ్యానక్క ఒప్పుకోలేదు. "ములాఖత్ టైం దాటిపోతుంది, ముందు జైలుకి పద. చెయ్యి ఎక్కడికి పోతుంది, నాతోనే ఉంటుంది."

ఇనప జాలీ అవతల తల్లి కనబడగానే పిల్ల జాలీని పిడికిళ్లతో బాదింది. "నన్నెందుకు వదిలేశావు? చంపితే నన్నూ చంపాల్సింది." వేళ్ల తోలు లేచి నెత్తురొచ్చింది. కాపలా ఆమె లాగబోతే వ్యానక్క అడ్డం నిలబడి, "ఇంకాసేపు కొట్టనీ తల్లీ," అంది. పిల్ల అలిసి నుదురు జాలీకి ఆనించాక తల్లి అడిగింది:

"ఆ తలేంటి, పిచ్చుకగూడులా?"

"నానమ్మ దువ్వితే నొప్పి."

"చివర్ల నుంచి తియ్యాలి చిక్కు. కుదుళ్ల దగ్గర పట్టుకుంటే నొప్పి ఉండదు."

నానమ్మ కోడలి వైపు చూడలేదు. పిల్లను దగ్గరికి లాక్కుని, చివర్ల నుంచి వేళ్లతో చిక్కు తీయడం మొదలుపెట్టింది. టైం అయిపోయిందని గంట కొట్టేదాకా తీస్తూనే ఉంది.

బాబాయి ఆ కొట్లాట కేసులో ఇరుక్కుని కొన్నాళ్లు లోపలున్నాడు. బయటికొచ్చాక ఆ గుమ్మం తొక్కలేదు. వ్యానక్క చెయ్యి వంకరగా అతుక్కుంది, గేరు మార్చినప్పుడల్లా పీకుతుంది. నెలకో ఆదివారం జైలుకు వ్యాన్ వెళ్తుందని తెలిసి తల్లులు జైల్లో ఉన్న మరికొందరు కూతుళ్లు ఎక్కారు. దారిలో కొట్టుకునేవాళ్లున్నారు, వాంతులు చేసుకునేవాళ్లున్నారు. పిల్ల ఒక్కోసారి తల్లితో పలక్కుండానే తిరిగొస్తుంది. అయినా మళ్లీ నెల రానని మాత్రం ఎప్పుడూ అనలేదు.