పొడపత్రి నమిలినాక చాయ

మా ఇంట్లో అందరూ చెప్పేది ఒక్కటే: పొడపత్రి ఆకుతోనే మా అత్తమ్మ షుగర్ దిగింది, కన్ను ఆపరేషన్ అయింది. నేనొప్పుకోను. ఆకు మొదలుపెట్టిన నెలలో షుగర్ పెరిగింది. దగ్గరుండి చూసింది నేను, ఊరంతా చెప్పేది వాళ్లు.

షుగర్ దిగేదాకా కంటిపొర తీయనని డాక్టర్ ఖరాఖండిగా చెప్పిండు. అత్తమ్మకేమో బియ్యంలో రాళ్లు కనిపిస్తలేవు, నేనేరితే నమ్మకం లేదు. ఎట్లైనా ఆపరేషన్ కావాలన్నది. మా ఆడబిడ్డ జైనూర్ నుంచి సంచెడు ఆకు మందమర్రికి మోసుకొచ్చింది. రోజూ పొద్దున రెండాకులు నమిలి, వెంటనే చాయకు కూర్చునేది అత్తమ్మ.

"గిది చాయనా పిల్లా? చక్కెర డబ్బకు తాళమేసినవా?"

"సగం చెంచా వేసిన అత్తమ్మా. నీకు అదే ఎక్కువ."

"గా సగం చెంచా ఏడవోయింది మరి? వంటింట్ల నువ్వే మింగినవా?"

వారం వారం వేలు గుచ్చి చూస్తే నంబర్ పైకే పోతున్నది. ఆడబిడ్డ ఫోన్‌లో నన్నే అన్నది: "నువ్వే అన్నం ఎక్కువ పెడుతున్నట్టున్నవ్ వదినా."

ఒళ్లు మండింది. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివినదాన్ని, ఆకును అడగకుండా నన్నడుగుడేంది? కోపంలో నేనే రెండాకులు నమిలి, గుప్పెడు చక్కెర నోట్లో పోసుకున్న. ఇసుక నమిలినట్టే ఉన్నది. తీపి జాడ లేదు. ఆకులోని సారమేదో కొంతసేపు నాలుకకు తీపి తెలవనియ్యదు. తెల్లారి చాయ వేళకు తలుపు చాటున నిలబడి చూసిన. అత్తమ్మ డబ్బా తీసి, చెంచా మీద చెంచా కలుపుకుంటున్నది.

"తెలవని తీపికి చక్కెరెందుకు దండుగ అత్తమ్మా?"

చెంచా పక్కకు పెట్టింది. "గదీ నిజమే" అన్నది. పెండ్లయిన కాడినుంచి నా మాట నిజమని ఆమె ఒప్పుకున్నది అదొక్కసారే.

చక్కెర బందయింది. ఆకు సంగతి డాక్టర్‌కు చెప్పి, షుగర్ గోళీలు ఒక్కపూట గూడ తప్పనియ్యలే. కొన్ని నెలలకు షుగర్ దిగింది, ఆపరేషన్ అయింది. ఇప్పుడు నేనేరిన బియ్యాన్ని మళ్లా చాటలో పోసుకొని, దొరికిన ప్రతి రాయినీ నాకు చూపించి మురుస్తుంటది. మురవనీ, నాకూ సంబురమే.

చిత్రమేందంటే, ఆకు నమలని రోజు గూడ ఆమె చక్కెర అడగదు. ఏది పనిచేసిందో తెలవాలని గోళీలు ఆపి చూడలేను గదా. మరి ఆ ఆకు రక్తం దాకా పోయి పనిచేసిందా, నాలుక మీదనే ఆగి తీపి మీద మనసు విరిచిందా?