రాతిలో మిగిలిన పిండి

నలభై ఏళ్ళు దాటింది. ఒక మనిషి నన్ను ఒక ప్రశ్న అడిగాడు. నేను అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం అప్పటినుంచీ నాతోనే ఉంది. నాతోపాటు ఇళ్ళు మారింది, మా పిల్లల పెళ్ళిళ్ళకు వచ్చింది, మా ఆయన పోయిన రోజున ఆయన పక్కన నాతోపాటు కూర్చుంది. ఆయనతో కూడా దాని గురించి మళ్ళీ మాట్లాడలేదు. మరి మీతో ఎందుకు చెబుతున్నాను? మీరు నన్నెరగరు కాబట్టి. నా పేరు చెప్పను, ఆ పల్లె పేరూ చెప్పను. మిగతాది దాచను.

మాది శ్రీకాకుళం వైపు. డెబ్బైల్లో మా ఆయన వెంట జంషెడ్‌పూర్ వచ్చాను. ఆయన కార్ఖానాలో కాంట్రాక్టు మనిషి, గోడౌన్లో పని. టౌన్లో బర్మామైన్స్ అనే పేట సందుల్లో చోటు దొరక్క, రైలు పట్టాలు దాటి పొలాల్లోకి ఓ మైలు నడిస్తే వచ్చే చిన్న పల్లెలో రెండు గదులు తీసుకున్నాం. అక్కడ ఒక కిరాణా కొట్టు, ఒక మంగలి, ఒక పిండిమిల్లు, ఆదివారం సంత. అంతే. వాళ్ళందరికీ నేనంటే హడల్. కిరాణా కొట్టాయన నన్ను దూరంనుంచి చూసి పప్పు తనే జల్లెడ పట్టేవాడు. సంతలో కూరలమ్మే ఆడవాళ్ళు, నేను వంకాయ చేతిలోకి తీసుకుంటే ఒకరినొకరు చూసి నవ్వుకునేవాళ్ళు, ఈవిడ ఎలాగూ తిరిగి పెట్టేస్తుందని. నాకు శుభ్రం ఎక్కువని పేరు. ఆ పేరు నాకు ఇష్టం కూడా.

మిల్లు మహతోది. ఊరి మొదట్లో రేకుల షెడ్డు, అందులో డీజిల్ ఇంజను. పొద్దున్నే ఆ ఇంజను కొట్టుకోవడం వినపడితే ఆడవాళ్ళం డబ్బాలు వెతుక్కునేవాళ్ళం. మహతో సన్నటి మనిషి, కనుబొమలదాకా పిండి. ఆ షెడ్డు, ఆ ఇంజను, ఆ రెండు రాళ్ళు, అతనికి ఉన్నదల్లా అవే. రాళ్ళు అరిగితే తనే విప్పి ఉలితో గాట్లు పెట్టుకునేవాడు, ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవాడు కాదు. మాలాంటివాళ్ళతో మాట్లాడి మాట్లాడి నాలుగు తెలుగు ముక్కలు పట్టుకున్నాడు.

మీకు పిండిమిల్లు అలవాటు లేకపోతే ఒకటి చెప్పాలి. ఒకరివి పట్టడం అయ్యాక రాళ్ళ మధ్యా, కింద పిండి దిగే గుడ్డ గొట్టంలోనూ ఓ అరకిలో దాకా మిగిలిపోతుంది. తర్వాతివాళ్ళ డబ్బాలో ముందు పడేది అదే. అందరూ దానికి సర్దుకుపోతారు. నేను సర్దుకోలేదు. బియ్యం పట్టించడానికి వెళ్ళిన మొదటిరోజే నా డబ్బాలో ఎవరిదో మొక్కజొన్న పిండి పడిందని పెద్ద గొడవ చేశాను. అప్పటినుంచి మహతో నా వంతు వచ్చినప్పుడు నా గింజలే రెండు దోసిళ్ళు వేసి తిప్పి, గొట్టం తట్టి, ఆ మొదటి పిండిని పక్క తొట్టిలో పోసి, అప్పుడు నా డబ్బా పెట్టేవాడు. వెనకున్నవాళ్ళు విసుక్కునేవాళ్ళు. అయినా చేసేవాడు. అలా చేయించుకునేది ఊరి మొత్తానికి నేనొక్కదాన్నే. నా ముందువాళ్ళది నాకు రాకూడదని అంత పట్టుబట్టానే, నాది నా వెనకవాళ్ళకి వెళ్తుందని ఎప్పుడైనా ఆలోచించానా? లేదు. ఆ రోజు దాకా నిజంగానే తట్టలేదు.

మేము అన్నం మనుషులం. రేషన్లో వచ్చే గోధుమలు మా ఇంట్లో ఖర్చయ్యేవి కావు. మూలనున్న రేకు డబ్బాలో పోసి మరిచిపోయేదాన్ని. ఆ ఏడు వానలకి వాటికి పురుగు పట్టింది. మా ఆయన గోడౌన్లో చల్లే మందు పొడి ఓ పొట్లం పట్టుకొచ్చాడు. అడిగి తెచ్చింది కాదు. ఇద్దరం కూర్చుని గోధుమలకి పట్టించాం. వాడేముందు నాలుగైదు నీళ్ళు పోసి కడగాలి, ఎండలో ఆరబెట్టాలి అన్నాడు. విన్నాను. తర్వాత కొన్నాళ్ళకి మా పెద్దవాడు, బడిలో అందరూ రొట్టెలు తెచ్చుకుంటున్నారని, "మా, రోటీ బనా దో న" అంటూ కొంగు పట్టుకుని తిరిగాడు. ఆ పొద్దున ముసురు పట్టి ఉంది. కడిగితే ఆరే దారి లేదు. రెండుసార్లు జల్లించాను. తెల్లటి పొడి కిందపడింది, గింజలు తేటగా కనిపించాయి, చాలనుకున్నాను. పరాయివాళ్ళ పప్పులో రాయి వెతికే మనిషిని, నా ఇంటి డబ్బా దగ్గర మాత్రం చాలనుకున్నాను.

మిల్లులో నా వెనక పైడమ్మ వదిన ఉంది. రైల్వే గ్యాంగ్‌మన్ భార్య, మావైపు మనిషే. పట్టాల పక్క క్వార్టర్సులో ఉండేది. మూడు కిలోల గోధుమలు తెచ్చుకుంది, చంకలో మూడేళ్ళ లచ్చిమి. నా గోధుమలు పట్టడం అయ్యాక మహతో గొట్టం వైపు తిరిగి ముక్కు ఎగబీల్చాడు. నా వైపు చూశాడు. ఏదో అనబోయి ఊరుకున్నాడు. నాతో ఎందుకొచ్చిన గొడవ అనుకుని ఉంటాడు. నా నోటికి జడిసి ఆ మనిషి ఆ ఒక్క మాట మింగేశాడని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. పైడమ్మ వదిన తన డబ్బా పెట్టింది. రాళ్ళు దులపమని ఆవిడ ఏనాడూ అడగలేదు.

మధ్యాహ్నం మూడింటికి మా ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. గుమ్మంలోనే ఆగాడు.

"ఏటి ఈ వాసన? ఏ గోదుమలు పట్టించినావు?"

మూల డబ్బావే, జల్లించానని చెప్పాను.

"జల్లిత్తే పోద్దేటి ఆ మందు? పేనాలు తీసీగల్దు అది! పారేసీ. పిల్లలకెట్టకు."

నాకు వెంటనే తట్టింది పైడమ్మ వదిన డబ్బా. చెప్పాను. ఆయన మంచం మీద కూలబడ్డాడు. పొడి ఎక్కడిదని అడిగితే ఏం చెప్తావన్నాడు. వచ్చే నెలలో పర్మనెంటు చేస్తామన్నారు ఆయన్ని, దానికోసం ఆరేళ్ళు ఎదురుచూశాం. వెళ్ళొద్దని ఆయన అనలేదు. తప్పంతా ఆయన మీదికి తోసేయడానికి లేదు. వెళ్ళమనీ అనలేదు, అంతే.

పిండి డబ్బా చంకనెట్టుకుని బయల్దేరాను. దారిలో పారబోద్దామని, అట్నుంచటే వెళ్ళి చెబుదామని. క్వార్టర్సు ముందున్న నీళ్ళ పంపుదాకా వెళ్ళాను. అక్కణ్ణుంచి పైడమ్మ వదిన కనబడుతోంది. గుమ్మంలో కూర్చుని లచ్చిమికి జడ వేస్తోంది. పొయ్యి ఇంకా వెలిగించలేదు. గట్టిగా ఒక్క కేక వేస్తే చాలు. ఏమని వెయ్యను? మందు అంటే, ఏం మందు అంటుంది. ఎవరు తెచ్చారంటుంది. సాయంత్రానికి గ్యాంగ్‌మన్‌లందరికీ తెలుస్తుంది, వాళ్ళనుంచి కార్ఖానాకి ఎంతసేపు? ఇంతలో ఇంకో ఆలోచన మెల్లగా వచ్చి నన్ను పట్టుకుంది. నాలుగు గుప్పిళ్ళ పిండేగా. దానికేం అవుతుంది? ఏమీ కాకపోవచ్చు. ఆ 'కాకపోవచ్చు'ని నేను నమ్మానా? నమ్మలేదు. నమ్మి ఉంటే నా డబ్బాలోది ఎందుకు పారబోస్తాను? నా పిల్లలకి విషమైనది ఆవిడ పిల్లలకి ఎలా కాకుండా పోతుంది? అక్కడే నిలబడి ఇదంతా ఆలోచించాను. తెలిసే వెనక్కి తిరిగాను.

పంపు పక్క కాలవలో పిండి కుమ్మరిస్తుంటే నీళ్ళకొచ్చిన మావైపు ఆడవాళ్ళు చూశారు. "అయ్యో, అంత పిండి పారేత్తన్నావేటి?" అన్నారు.

"మిల్లులోనే పాడైపోనాది," అన్నాను. నోటికి వచ్చింది అన్నాను. ఆ క్షణంలో అది అంత పెద్ద మాట అనుకోలేదు.

పొద్దుగూకాక రొట్టెలు తిన్న కాసేపటికే పైడమ్మ వదిన ముగ్గురు పిల్లలకీ వాంతులు. పెద్దవాళ్ళిద్దరూ తెప్పరిల్లారు. లచ్చిమికి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. పిల్ల మూడు రోజులు కళ్ళు తెరవలేదు.

మర్నాడు పొద్దున మిల్లు ముందు జనం. గ్యాంగ్‌మన్‌లు, ఊరివాళ్ళు, పంపు దగ్గరి ఆడవాళ్ళు. పాడైన పిండి పారబోసిన మనిషిని కదా, సాక్ష్యానికి నన్నూ లాక్కెళ్ళారు. ఇంజను ఆగిపోయి ఉంది. ఆ వేళప్పుడు ఆ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. మహతో గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఎవరో అప్పటికే చొక్కా చింపారు. నన్ను చూడగానే అతని ముఖం తేటపడింది. నేను వచ్చానని. నేను చెబుతానని.

"బహన్‌జీ," అన్నాడు. "సచ్ బోలియే. గేహూఁ మే దవా డాలా థా క్యా?"

నిజం చెప్పండి, గోధుమల్లో మందు కలిపారా అని. కోపంగా అడగలేదు. నా వల్లే జరిగిందని కూడా అనలేదు. అతనికి ఒక్క జవాబు కావాలి, అంతే. అందరూ నా వైపు తిరిగారు. పైడమ్మ వదిన మొగుడి చేతిలో పట్టాలు బిగించే ఇనప రెంచి ఉంది. నాకు మా ఆయన గుర్తొచ్చాడు, పర్మనెంటు గుర్తొచ్చింది, పిల్లలు గుర్తొచ్చారు. ఎదురుగా ఉన్న మనిషి ఒక్కడే గుర్తు రాలేదు.

"నహీ, భయ్యా," అన్నాను. "కుఛ్ నహీ డాలా." ఏమీ కలపలేదని.

మహతో నన్ను ఒకసారి చూశాడు. తర్వాత గుమ్మంలోంచి తప్పుకున్నాడు. అతను తప్పుకోవడమే ఒప్పుకున్నట్టు తీసుకున్నారు. ఇంజను పగలగొట్టారు. బెల్టు కోసేశారు. అతను ఉలితో చెక్కుకున్న రెండు రాళ్ళూ దొర్లించుకుపోయి, ఇటుకల మట్టి తవ్వగా పడిన గోతిలోకి తోశారు. నేను చివరిదాకా అక్కడే ఉన్నాను. వెళ్ళిపోతే అనుమానపడతారని భయం.

లచ్చిమి బతికింది. బతకాలని నేను మొక్కని దేవుడు లేడు. కానీ ఏం కోరి మొక్కాను? పిల్ల కోసమా, నా పీకల మీదికి రాకూడదనా? రెండూ ఉన్నాయి. వాటిని విడదీసి చూసుకునే ధైర్యం నాకు రాలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక పైడమ్మ వదిన నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది.

"నువ్వు సెప్పబట్టి తెలిసింది, వదినా. నేకపోతే ఆ పిండే మళ్ళీ వండి ఎట్టీదాన్ని."

ఆ తర్వాత ఆవిడ చనిపోయేదాకా ప్రతి శ్రావణమాసంలోనూ నాకు పసుపు కుంకుమ, జాకెట్టు గుడ్డ పంపింది. తన పిల్లని కాపాడిన మనిషినట. నేను తీసుకున్నాను. ప్రతి ఏడూ తీసుకున్నాను. ఆవిడ నన్ను తిట్టి ఉంటే కొంత తేలికయ్యేదేమో. తిట్టడానికి ఆవిడకి నేనేం మిగిల్చాను?

మా ఆయనకి పర్మనెంటు అయింది. రెండేళ్ళకి టౌన్లోనే కద్మా వైపు కంపెనీ క్వార్టరు వచ్చింది. అప్పటికే మహతో ఊరు వదిలి వెళ్ళిపోయాడు, ఎక్కడికో ఎవరూ అడగలేదు. కద్మాలో ఒకరోజు బియ్యం పట్టించడానికి కొత్త మిల్లుకి వెళ్ళాను. కరెంటు మిల్లు, వరుసగా మూడు యంత్రాలు. మూలనున్న యంత్రం దగ్గర, ఎవరి కిందో జీతానికి, మహతో. జుట్టంతా తెల్లబడింది. అది పిండో, వయసో తెలియలేదు. నన్ను చూశాడు. నేను వెనక్కి తిరిగేలోపే డబ్బా అందుకోవడానికి చెయ్యి చాచాడు.

"రండి బహన్‌జీ," అన్నాడు తెలుగులోనే. "ముందు రాయి సాఫ్ చేసి ఇస్తా."

వెక్కిరింపు కాదు. వెక్కిరింపో కాదో నాకు తెలియదా? బేరానికి వచ్చిన మనిషి అలవాటు గుర్తుపెట్టుకున్నాడు, అంతే. నా బియ్యం రెండు దోసిళ్ళు తీసి వేశాడు. గొట్టం తట్టాడు. మొదటి పిండి తొట్టిలో పోశాడు. చుట్టూ ఎవరూ లేరు. రెంచి లేదు, జనం లేరు, మా ఆయన ఉద్యోగానికి ఢోకా లేదు. అప్పుడు చెప్పడానికి నాకు ఏం అడ్డం వచ్చింది? ఏమీ లేదు. మొదటిసారి భయంతో అన్నానని నాకు నేను చెప్పుకోగలను. రెండోసారికి నా దగ్గర ఆ ముక్క కూడా లేదు. వెచ్చటి పిండి డబ్బా చంకనెట్టుకుని ఇంటికి వచ్చేశాను. ఆ మిల్లుకి మళ్ళీ వెళ్ళలేదు.

ఇప్పుడు అందరూ ప్యాకెట్ పిండే కొంటున్నారు. మహతో ఎక్కడున్నాడో, అసలు ఉన్నాడో లేడో తెలియదు. పిల్లల్ని చంపబోయిన మిల్లువాడని ఆ పల్లెలో అతని పేరు మిగిలే ఉంటుంది. లచ్చిమికి మనవలు పుట్టారని విన్నాను. నన్ను ఎవరూ క్షమించనక్కర్లేదు. క్షమించాల్సిన ఇద్దరిలో ఒకరు లేరు, ఒకరు దొరకరు. నాకు కావలసింది అది కాదు. అతను అడిగిన దానికి జవాబు బాకీ ఉండిపోయింది, అది ఒక్కసారి ఎక్కడో ఒకచోట చెప్పాలి.

హాఁ, మహతో భయ్యా. డాలా థా. నా చేతులతోనే కలిపాను. నువ్వు అడిగినప్పుడు నాకు తెలుసు.